పూజించే నీరు - త్రాగే నీరు

పంచభూతాలలో ఆకాశం చేతికందదు. వాయువు కంటికి కనపడదు. అగ్నిని ముట్టరాదు. భూమి కదలదు. దోసిట పట్టి, శిరస్సున చల్లుకొని, నోట పోసుకోగలిగిన భూతం జలం ఒక్కటే. అందువల్లనే కాబోలు, పురిటి స్నానం మొదలు తుదిఘడియ తులసితీర్థం వరకు మన జీవితంలో నీరు లేని సంస్కారం లేదు.

నేను వైద్యం చేస్తున్న జైనూర్ ప్రాంతం పూర్వపు ఆదిలాబాదు జిల్లా అడవిసీమలోనిది. 2016 నుంచి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో చేరింది. గోండులు, కొలాములు, ప్రధానులు, తోటీలు, లంబాడీలు, మైదానాల నుంచి వచ్చి స్థిరపడినవారు, అందరూ ఇక్కడ నీటిని తల్లిగా భావించేవారే. అయినప్పటికీ ఏటా తొలకరి పడి వాగులు ఎర్రబారగానే వాంతులు, విరేచనాలు, జ్వరాలతో రోగులు వైద్యుల గుమ్మాల ముందు బారులు తీరుతారు. నీటిని ఇంతగా పూజించే నేలలో నీటివల్ల ఇన్ని వ్యాధులు ఎందుకు వస్తున్నాయి? శాస్త్రాలలో లోపం ఉన్నదా, ఆచరణలో లోపం ఉన్నదా? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వైదిక దృష్టి: జలం తల్లి

వేదం జలాలను 'ఆపః' అని బహువచనంలో, స్త్రీలింగంలో పిలిచింది. సంధ్యావందనంలో మార్జనం చేసేటప్పుడు చెప్పుకునే ఆపోహిష్ఠాది మంత్రాలు జలాలను బిడ్డపై ప్రేమగల తల్లులతో పోల్చాయి. 'నార' మంటే నీరు, అది అయనంగా, అనగా నివాసంగా గలవాడు గనుక పరమాత్మకు నారాయణుడనే పేరు వచ్చిందని మనుస్మృతి నిర్వచించింది. కలశపూజలో గంగా, యమునా, గోదావరీ, సరస్వతీ, నర్మదా, సింధు, కావేరీ నదులను మన ఇంటి చెంబులోనికే ఆహ్వానిస్తాము. అంటే ఏ బావి నీరైనా, ఏ చెరువు నీరైనా ఆ క్షణాన గంగయే.

ఈ పూజ్యభావం వెనుక ఒక కఠినమైన నియమం కూడ ఉన్నది. దానిని మనం మరచిపోయాము. నీటిలో మలమూత్రాలు విడువరాదనీ, ఉమ్మరాదనీ మనుస్మృతి స్పష్టంగా నిషేధించింది. తైత్తిరీయోపనిషత్తు అన్నాన్ని తిరస్కరించకపోవడాన్ని ఒక వ్రతంగా విధిస్తూ, నీరే అన్నమని చెప్పింది. ఐతరేయ బ్రాహ్మణంలోని హరిశ్చంద్రోపాఖ్యానంలో ఆడిన మాట తప్పిన రాజుకు జలాధిదేవతయైన వరుణుని వలన కలిగిన శిక్ష ఉదరవ్యాధి. పొట్ట ఉబ్బిపోయింది. జలదేవత ప్రసన్నురాలైతే ఆరోగ్యం, అపచారం చేస్తే వ్యాధి అన్న భావన మన వాఙ్మయంలో ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది.

జైన దృష్టి: జలమే జీవం

హిందూధర్మం నీటిలో దేవతను చూసింది. జైనధర్మం నీటిలో జీవుని చూసింది. ఈ భేదం చిన్నదిగా కనిపించినా దాని ఫలితం చాల పెద్దది.

జైనాగమాలు జీవులను ఆరు కాయాలుగా విభజించాయి: పృథ్వీకాయ, అప్కాయ, తేజఃకాయ, వాయుకాయ, వనస్పతికాయ, త్రసకాయ. వీటిలో అప్కాయమంటే నీరే శరీరంగా గల ఏకేంద్రియ జీవులు. నీటిలో క్రిమికీటకాలు ఉన్నాయనడం వేరు, నీరే జీవశరీరం అనడం వేరు. జైనులు రెండూ చెప్పారు. ఒక్క బిందువులో లెక్కకందనన్ని అప్కాయ జీవులు ఉంటాయనీ, వాటితో పాటు కదిలే త్రసజీవులు కూడ ఉంటాయనీ వారి సిద్ధాంతం. ఆచారాంగ సూత్రం తన మొదటి అధ్యయనంలోనే అప్కాయ హింసను గురించి హెచ్చరించింది.

నీరంతా జీవమయమైతే దాహం తీరేదెట్లా? ఇక్కడ జైనులు మూడు నియమాలు ఏర్పరచారు. మొదటిది మితం: అవసరానికి మించి ఒక్క చెంబు కూడ వాడరాదు. రెండవది గాలనం: దట్టమైన నూలువస్త్రాన్ని రెండు మడతలు వేసి నీటిని వడగట్టాలి. ముప్పదియారు వ్రేళ్ళ పొడవు, ఇరువదినాలుగు వ్రేళ్ళ వెడల్పు అని వస్త్రానికి కొలత కూడ చెప్పారు. వడగట్టిన తరువాత గుడ్డలో మిగిలిన సూక్ష్మజీవులను పారవేయకుండ, ఏ బావినీటిలోనివి ఆ బావికే తిరిగి చేర్చాలి. వడగట్టిన నీటికి కూడ గడువు ఒక ముహూర్తం, అనగా 48 నిమిషాలు. ఆ పైన త్రాగాలంటే మళ్ళీ వడగట్టవలసిందే. మూడవది కాచడం. కాచిన నీటికి శ్వేతాంబర సంప్రదాయంలో వానకాలంలో మూడు జాములు, చలికాలంలో నాలుగు, ఎండకాలంలో ఐదు జాములు గడువు. దిగంబర సంప్రదాయంలో బాగా మసలకాగిన నీటికి ఎనిమిది జాములు, అంటే ఒక అహోరాత్రం.

మరి కాచడం వల్ల అప్కాయ జీవులు మరణించవా అని పాఠకులు అడుగవచ్చు. ఈ ప్రశ్న జైన గృహస్థులకూ కొత్తది కాదు. పచ్చినీటిలో జీవోత్పత్తి ఎడతెగక సాగుతూనే ఉంటుందనీ, ఒకసారి కాచినచో ఆ గడువు తీరేవరకు ఆ పరంపర ఆగుతుందనీ వారి సమాధానం. మునులు మాత్రం తమకోసం నీరు కాచరు, కాయించుకోరు. గృహస్థుడు తనకోసం కాచుకున్న దానిలోనే భిక్షగా స్వీకరిస్తారు. వానకాలం నాలుగు నెలలు మునులు సంచారం మాని ఒకేచోట నిలిచే చాతుర్మాస్యానికి కూడ మూలం ఇదే. అది తడినేలపై జీవరాశి పెరిగే కాలం. నీటి వ్యాధులు పెరిగే కాలం కూడ అదే.

జైనులు తీర్థ శబ్దానికి కూడ లోతైన అర్థం చెప్పారు. తీర్థమంటే రేవు. సంసారమనే ప్రవాహాన్ని దాటించే రేవును నిర్మించినవాడు తీర్థంకరుడు. స్నానమాత్రం చేత ఆత్మశుద్ధి కలుగదనీ, ధర్మమే మడుగు, బ్రహ్మచర్యమే రేవు అనీ ఉత్తరాధ్యయన సూత్రంలోని హరికేశముని వృత్తాంతం బోధిస్తుంది. ఇది వైదికులకు పరాయి మాట కాదు. మహాభారతం అనుశాసనిక పర్వంలో భీష్ముడు ధర్మరాజుకు మానసతీర్థాన్ని ఉపదేశించాడు. సత్యం, శమం, దయ అనే నీటిలో మునగనివానికి నదీస్నానం పూర్ణఫలం ఈయదన్నదే ఉభయుల అభిప్రాయం.

మన నేల సాక్ష్యాలు

జైనూర్ పేరులో జైనశబ్దం వినబడినంత మాత్రాన చరిత్ర కట్టడం వైద్యుని పని కాదు. కాని జైనుల జలధర్మానికి చెక్కుచెదరని శిలాసాక్ష్యం కరీంనగర్ వైపు ఉన్నది. గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టపై జినప్రతిమలు, చక్రేశ్వరీదేవి ప్రతిమ చెక్కి ఉన్నాయి. వాటి క్రింద 10వ శతాబ్ది మధ్యభాగపు శాసనం ఉన్నది. దానిని వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపనకు తమ్ముడు. వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి పంపనను ఆదరించిన ప్రభువు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలలో ఉన్న ఈ శాసనంలోని కందపద్యాలు మన భాష ప్రాచీనతకు ఆధారంగా పండితులు చూపేవి.

వైద్యునిగా నన్ను ఆకర్షించిన విషయం వేరు. జినవల్లభుడు అక్కడ త్రిభువనతిలకమనే బసదిని, మదనవిలాసమనే తోటను నిర్మించాడు. వాటితో పాటు కవితాగుణార్ణవమనే చెరువును కూడ త్రవ్వించాడు. కవితాగుణార్ణవుడన్నది అన్నగారి బిరుదు. తెలుగువారు చెప్పుకునే సప్తసంతానాలలో తటాకం, వనం, దేవాలయం, కావ్యం ఉన్నాయి. వాటిలో మూడింటిని ప్రతిష్ఠించి, నాల్గవదానిని రచించిన అన్నగారి పేరును చెరువుకు పెట్టినవాడు ఒక జైనుడు. నీటి విషయంలో మతాల మధ్య గోడలు ఎంత పలుచనో ఈ ఒక్క చెరువు పేరు చాలు చెప్పడానికి.

గోదావరి వెంట క్రిందికి పోతే ధర్మపురి, ఇంకా క్రిందికి కాళేశ్వరం. అక్కడ ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. సరస్వతి అంతర్వాహినిగా చేరుతుందని విశ్వాసం. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు, 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలు జరిగింది ఈ తీరంలోనే. ఒకే పానవట్టంపై రెండు లింగాలు వెలసిన ఆ క్షేత్రంలో ముక్తేశ్వర లింగానికి చేసిన అభిషేకజలం నాసికారంధ్రాల గుండా సంగమానికి చేరుతుందని భక్తులు చెబుతారు.

ఇక మా అడవిసీమ సంగతి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్యమాస అమావాస్యనాడు నాగోబా జాతర. దానికి ముందు మెస్రం వంశీయులైన గోండులు పాదచారులై జన్నారం మండలంలోని హస్తినమడుగుకు పోయి, గోదావరి జలాన్ని ఝరి అనే పాత్రలో తెస్తారు. వచ్చిన తరువాత ఆ పాత్రను చెట్టుపై భద్రపరుస్తారు. ఆ నీటితోనే నాగోబాకు అభిషేకం. సిరికొండ కుమ్మరులు చేసిన కుండలతో మెస్రం ఆడపడుచులు, కోడళ్ళు కోనేటి నీరు తెచ్చే సంప్రదాయం కూడ ఉన్నది. పదుల కిలోమీటర్లు నడిచి తెచ్చిన నీటిని వారు ఎంత అపురూపంగా చూసుకుంటారో కన్నవారికి తెలుసు. ఈ నేలలోనే, జోడేఘాట్ కొండలలో, 1940లో ప్రాణమర్పించిన కుమురం భీం పేరుతో ముడిపడిన నినాదం కూడ జల్, జంగల్, జమీన్. మూడింటిలో మొదటి మాట నీరు.

ఆయుర్వేదం చెప్పిన జలవిజ్ఞానం

ఇంత భక్తి గల దేశంలో వైద్యశాస్త్రం ఏమి చెప్పింది? చరకుడు సూత్రస్థానంలో జలవర్గాన్ని, సుశ్రుతుడు ద్రవద్రవ్యవిధిలో జలాన్ని, వాగ్భటుడు అష్టాంగహృదయం ఐదవ అధ్యాయంలో తోయవర్గాన్ని వివరించారు. ఆకాశం నుంచి పడిన నీరు శ్రేష్ఠమన్నారు. అయినా దానినీ గుడ్డిగా నమ్మలేదు. వెండిపాత్రలో శాలి అన్నపు ముద్ద ఉంచి వానలో ఒక ముహూర్తకాలం పెట్టి, అన్నం రంగు మారక, చెడక ఉంటేనే అది 'గాంగ' జలమని గ్రహించమన్నాడు సుశ్రుతుడు. గంగ అన్న పేరు కూడ పరీక్షించిన తరువాతనే ఇచ్చాడన్నది గమనార్హం.

బురద, నాచు, ఆకులు కప్పి, సూర్యచంద్రుల కిరణాలు సోకని నీరు వ్యాపన్నం, అనగా చెడినది. స్పర్శ, రూపం, రసం, గంధం, వీర్యం, విపాకం అనే ఆరింట దాని దోషాలు తెలుసుకోవాలి. బురదనీటిని తేర్చడానికి సుశ్రుతుడు ఏడు సాధనాలు చెప్పాడు: చిల్లగింజ, గోమేదకం, తామరదుంప, నాచువేరు, వస్త్రం, ముత్యం, మణి. వీటిలో పేదవానికి అందేవి చిల్లగింజ, వస్త్రం. చెడిన నీటిని నిప్పుమీద కాచడం, ఎండలో కాగనివ్వడం, కాల్చిన ఇనుపగుండునో, ఇసుకనో, మట్టిపెళ్ళనో అందులో ముంచడం శోధన పద్ధతులు.

శరత్తులో పగలు సూర్యకిరణాలచేత కాగి, రాత్రి చంద్రకిరణాలచేత చల్లబడి, అగస్త్య నక్షత్రోదయంతో నిర్విషమైన నీటిని చరకుడు హంసోదకమన్నాడు. కాగడం, చల్లారడం, తేరడం మూడూ ఇందులో ఉన్నాయి. ప్రకృతి శరత్తులో చేసే పనిని వానకాలంలో మన వంటింటి పొయ్యి చేయాలన్నదే దీని అంతరార్థం.

కాచి చల్లార్చిన నీరు లఘువు. స్రోతస్సులను మూయదు. పిత్తంతో కూడిన దోషాలకు హితం. అదే నీరు రాత్రి నిలువ ఉంటే త్రిదోషకరమని వాగ్భటుడు హెచ్చరించాడు. జైనులు జాములు లెక్కగట్టిన చోట ఆయుర్వేదం రాత్రిని హద్దుగా పెట్టింది. ఒకరిది అహింస, మరొకరిది ఆరోగ్యం. ఇద్దరూ చెప్పింది ఒకటే: కాచిన నీరైనా ఏనాటిది ఆనాడే.

వస్త్రపూత జలం: ఏకవాక్యత

వడగట్టడం జైనులదే అనుకోవడం పొరబాటు. సన్న్యాసి చూచి అడుగు వేయాలనీ, వస్త్రంతో వడగట్టిన నీటినే త్రాగాలనీ మనుస్మృతి విధించింది. వైద్యులు కూడ వస్త్రాన్ని శోధనసాధనాలలో చేర్చారు. ముగ్గురి మార్గాలు వేరు, గుడ్డ ఒక్కటే.

మా గురుకులం గోదావరీ తీరంలో ఉండేది. తెల్లవారుజామున నీరు తెచ్చే పని చిన్న శిష్యులది. తెచ్చిన నీటిని మడతలు వేసిన నూలుగుడ్డతో వడగట్టకుండ బిందె లోపలికి రానిచ్చేవారు కాదు మా గురువుగారు. ఆ రోజులలో ఊళ్ళ నుంచి నారికురుపు రోగులు వచ్చేవారు. ప్రాచీనులు స్నాయుకమన్న వ్యాధి ఇది. కాలి పొక్కు నుంచి మూరెడు నులిపురుగు రోజుల తరబడి బయటికి వస్తుంటే, పుల్లకు చుట్టుకుంటూ వారు పడే బాధ చెప్పనలవి కాదు. దాని కారణం దిగుడుబావులలోని సూక్ష్మమైన నీటిపురుగులు. నీటితోపాటు అవి కడుపులోకి పోతే వ్యాధి. గుడ్డతో వడగడితే వ్యాధి లేదు. భారతదేశంలో 1980వ దశకంలో నిర్మూలన కార్యక్రమం మొదలైననాటికి ఏడాదికి దాదాపు 40 వేలమంది దీనితో బాధపడేవారు. ఆంధ్రప్రదేశ్ కూడ ఆ రాష్ట్రాలలో ఒకటి. వడగుడ్డలు, సురక్షితమైన బావులు, బావులలో మందు, ప్రజల అవగాహన కలిసి పనిచేశాయి. 1996 జూలై తరువాత మన దేశంలో ఒక్క కేసు లేదు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు రహితంగా ప్రకటించింది. సూదీ, మాత్రా, టీకా లేకుండ ప్రధానంగా నీటిని బాగుచేయడం వల్లనే అంతరించిన వ్యాధి ఇది.

మరొక నిదర్శనం. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో శాస్త్రజ్ఞులు పాత నూలుచీరను నాలుగు మడతలుగా మడిచి, బిందె మూతికి పెట్టి నీరు ముంచుకొమ్మని గ్రామాల స్త్రీలకు నేర్పారు. 2003లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ గ్రామాలలో కలరా దాదాపు సగం, నూటికి 48 వంతులు తగ్గింది. కలరా క్రిమి స్వయంగా గుడ్డలోనుంచి దూరిపోగలదు. కాని అది అంటిపెట్టుకొని ఉండే సూక్ష్మ జలచరాలు గుడ్డలో చిక్కుకుంటాయి. పాత చీర కావడం కూడ ముఖ్యమే. ఉతికి ఉతికి దారాలు పీచుబారి రంధ్రాలు చిన్నవవుతాయి.

అయితే సగం తగ్గిందంటే సగం మిగిలిందని అర్థం. గుడ్డ మొదటి మెట్టు మాత్రమే. రెండవ మెట్టు పొయ్యి.

గంగమ్మను పొయ్యిమీద పెట్టవచ్చునా?

ఇక్కడే భక్తులకు సందేహం వస్తుంది. ఒక వానకాలంలో రెండేండ్ల బాలుణ్ణి నా వద్దకు తెచ్చారు. రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. కళ్ళు లోతుకు పోయాయి. పొట్టమీది చర్మం పట్టి వదిలితే మడత మెల్లగా దిగుతున్నది. ఏడ్చినా కన్నీరు లేదు. ఇటువంటి స్థితిలో కషాయాలతో కాలయాపన చేయడం వైద్యధర్మం కాదు. ఉప్పు చక్కెర ద్రావణం చెంచాతో పట్టిస్తూనే వాహనం పిలిపించి ఆసుపత్రికి పంపించాను. ద్రవం ఎక్కించారు. బాలుడు బతికాడు.

వారం తరువాత వారి గూడేనికి వెళ్ళాను. ఇంటి మూల దేవుళ్ళ దగ్గర గంగజలం చెంబు శుభ్రంగా తోమి, మూతపెట్టి ఉన్నది. వాకిట్లో త్రాగేనీటి బిందెకు మూత లేదు. అందులోది వాగు చెలిమె నుంచి తెచ్చిన నీరు. కుళాయి ఉన్నది గాని నాలుగు రోజులుగా నీరు రాలేదు. కాచి త్రాగమని చెప్పగా బాలుని నాయనమ్మ నొచ్చుకున్నది.

"గంగమ్మను పొయ్యి మీద పెట్టమంటవా అయ్యా?" అన్నది.

"అవ్వా, కొత్త పంట వస్తే ముందు దేవుళ్ళకు పెట్టకుండ మీరు ముట్టరు గదా. మరి ఆ జొన్నలను పచ్చివే తింటరా?" అని అడిగాను.

"పచ్చివెట్ల తింటం? గటక కాచుకుంటం."

"జొన్న తల్లిని కాచితే తప్పు లేనప్పుడు గంగమ్మను కాచితే ఏం తప్పు? దేవునికి పచ్చినీళ్ళు, పిల్లగానికి కాచిన నీళ్ళు."

ఆమె కొంతసేపు ఆలోచించి, ఆ పక్కనే ఉన్న కోడలితో గోండిలో ఏదో చెప్పింది. కోడలు లేచి, బిందెకు మూత వెతికింది. ఆ ఏడాది ఆ ఇంటినుంచి మళ్ళీ విరేచనాల కేసు నా వద్దకు రాలేదు. ఒక్క ఇంటి సంగతి నిదర్శనం కాదని నాకు తెలుసు. కాని పవిత్రతను కించపరచకుండ పరిశుభ్రతను చెప్పవచ్చునని నాకు నేర్పినది ఆ అవ్వే.

ఇంటింటా ఆచరించదగినవి

1. తేర్చడం: వానకాలపు బురదనీటికి చిల్లగింజ (ఇండుపగింజ)ను కుండ లోపలి అంచున గంధంలా అరగదీసి, నీరు పోసి, కలిపి కొన్ని గంటలు కదల్చకుండ ఉంచాలి. మడ్డి అడుగుకు దిగుతుంది. పైనీటిని మాత్రమే తీసుకోవాలి. చిల్లగింజ మట్టిని దింపుతుందే గాని క్రిములను చంపదు.

2. వడగట్టడం: ఉతికిన పాత నూలుచీర గుడ్డ నాలుగు మడతలు. ప్రతిసారి ఒకే వైపు పైకి ఉండాలి. పని కాగానే ఉతికి ఎండలో ఆరవేయాలి. తడిగా చుట్టచుట్టి పెడితే గుడ్డే రోగకారణమవుతుంది.

3. కాచడం: నీరు వేడెక్కితే చాలదు. పెద్ద బుడగలతో కనీసం ఒక నిమిషం బాగా మసలాలి. అదే పాత్రలో మూతపెట్టి చల్లారనివ్వాలి. జ్వరంలో, అజీర్ణంలో సేరు నీటికి చిన్న శొంఠికొమ్ము చిదిపి వేసి కాచవచ్చు. విరేచనాలలో తుంగముస్తలు వేసి కాచిన నీరు హితం. జ్వరదాహానికి తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్ళు, చందనం, కురువేరు, శొంఠి కలిపి కాచిన షడంగపానీయం ప్రసిద్ధం. దీనిని వైద్యుని సలహాతో వాడాలి.

4. దోషాన్ననుసరించి: నాల్గవ వంతు ఇగిరిన నీరు వాతానికి, సగం ఇగిరినది పిత్తానికి, నాల్గవ వంతు మిగిలినది కఫానికి హితమని భావప్రకాశ సంప్రదాయం.

5. నిలువచేయడం: మూత, మూతకు తగిన కాడగంటె. చేయి ముంచరాదు. రాగిపాత్రలో 16 గంటలు నిలువ ఉంచిన నీటిలో కలరా, టైఫాయిడ్, విరేచనాల క్రిములు నశించినట్లు బెంగుళూరు పరిశోధకులు 2012లో ప్రకటించారు. రాగిచెంబు మన పెద్దల వాడుకే. ఆ నీటిని మరునాడు త్రాగి, పాత్రను తోమాలి. రాగిలో మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు వంటివి పోయరాదు.

6. త్రాగే వేళ: భోజనానికి ముందు త్రాగితే కార్శ్యం, చివర త్రాగితే స్థౌల్యం, మధ్యమధ్య కొద్దికొద్దిగా త్రాగితే సమత్వం అని వాగ్భటుని మాట.

7. పుష్కరాలు, జాతరలలో: స్నానం వేరు, పానం వేరు. ఆచమనానికి మినపగింజ మునిగేటంత నీరు చాలునని పెద్దల మాట. ఆ కాస్త నీటిని ఇంటినుంచి కాచి తెచ్చుకున్న చెంబులోనుంచి తీసుకుంటే ఆచారానికి లోపం రాదు. రేవులో సబ్బునురగ, ప్లాస్టిక్ సంచులు, పాతబట్టలు వదలడం మాత్రం ధర్మలోపమే.

కొన్ని హెచ్చరికలు

కాచడం వల్ల క్రిములు నశిస్తాయి గాని నీటిలో కరిగిన ఫ్లోరైడు, లవణాలు పోవు. ఇగిరినకొద్దీ మరింత చిక్కబడతాయి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి గుర్తించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ కష్టాలు అందరికీ తెలిసినవే. అటువంటి బోరునీటిని సగానికి, పావుకు ఇగిర్చి త్రాగరాదు. పరీక్ష చేయించి, వేరే నీటిని వాడుకోవాలి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా శుద్ధిచేసిన నీరు అందే ఊళ్ళలో ఆ నీటినే త్రాగడం మంచిది. కుళాయి ఆగిన రోజు మాత్రం వాగునీటిని తెచ్చుకోక తప్పనప్పుడు పై విధులన్నీ పాటించాలి.

విరేచనాలలో నీరు తగ్గించాలన్న పాతమాటను అపార్థం చేసుకోరాదు. ఒక్కసారిగా చెంబెడు త్రాగవద్దని దాని భావం. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు (చిన్న చెంచాతో, అంచు సమంగా) కలిపి కొద్దికొద్దిగా, మాటిమాటికి పట్టించాలి. తల్లిపాలు ఆపరాదు. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

చిల్లచెట్టు పండు నీటిని తేర్చగలదు గాని, దాని పేరు ఉచ్చరించినంత మాత్రాన నీరు తేరదని మనువు ఒకచోట అన్నాడు. సన్న్యాసధర్మం చెబుతూ అన్నమాట అది. నీటికి కూడ అంతే వర్తిస్తుంది. గంగా అని పిలిచినంత మాత్రాన బిందెలోని నీరు గంగ కాదు. తేర్చి, వడగట్టి, కాచి, మూతపెట్టి, వృథా చేయక వాడుకున్న నాడు మన ఇంటి నీరు వైదికునికి తీర్థం, జైనునికి ప్రాసుకం, వైద్యునికి పథ్యం అవుతుంది. ఈ వానకాలం రాకముందే ప్రతి గృహిణీ ఒక పాత నూలుచీరను ఇందుకోసం ప్రత్యేకించి పెట్టుకొనవలసిందిగా ప్రార్థన.